బి.ఎ. పట్టా చేతికి వచ్చిన తరువాత

 

గత నెలలో ఒక సాయంత్రం అసర్ నమాజు ముగించుకొని దువ్వాడలోని మా మస్జిద్ వసారాలో కూర్చుని ఉన్నాము. ఒకప్పుడు మా వద్ద ఖురాన్ పారాయణం నేర్చుకున్న విద్యార్థి ఒకరు వచ్చి సలాం చేశారు. ఆనాటి బాలుడు ఇప్పుడు నలభై దాటిన మనిషి. ఉక్కు కర్మాగారం పరిసరాల్లో కాంట్రాక్టు పనుల మీద ఫిట్టరుగా జీవనం సాగిస్తున్నారు. ఆయన వెనుక కుమార్తె నిలబడి ఉంది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మడత పడకుండా పెట్టుకున్న మార్కుల జాబితాలు.

“హజ్రత్! మా అమ్మాయి బి.ఎ. పాసయింది. మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఇక ముందు ఏం చేయాలో చెప్పేవారే లేరు. చుట్టాలేమో బి.ఎ. అంటే బేకారు అని నవ్వుతున్నారు. ఒక సంబంధం వచ్చి ఉంది. చదువు చాలించి అది ఖాయం చేసుకోమంటారా?” అని అడిగారు.

ఆ ప్రశ్న విన్న వెంటనే మా మనస్సు పాతికేళ్లు వెనక్కు పోయింది. సరిగ్గా ఇదే వసారాలో ఈయన తండ్రి మా ఎదుట నిలబడి, “అబ్బాయి చరిత్ర చదువుతానంటున్నాడు, బి.ఎ.లో చేర్పించమంటారా?” అని అడిగారు. మేము క్షణం ఆలోచించలేదు. “చరిత్ర చదివి ఏం చేస్తాడు? మన ఊరు ఉక్కు ఊరు. ఐ.టి.ఐ.లో వేయండి, చేతికి పని వస్తుంది” అన్నాము. ఆ బాలుడు పక్కనే ఉన్నాడు. అతనిని ఒక్క మాట కూడా అడగలేదు.

మేము చెప్పిన దారి చెడ్డదేమీ కాదు. ఆయన నిజాయితీగా చెమటోడ్చి హలాల్ సంపాదనతో ఇంటిని నిలబెట్టుకున్నారు. చేతిపనికి మన ధర్మంలో గొప్ప గౌరవం ఉంది. ప్రవక్త దావూద్ (అలైహిస్సలాం) స్వయంగా ఇనుప కవచాలు తయారు చేసి జీవించినట్లు మనం నమ్ముతాము. అయినా మా తప్పు ఒకటి ఉంది. సమాధానం చెప్పే ముందు పిల్లవాడి మనస్సును, అతని శక్తిని తెలుసుకోవలసిన బాధ్యత మా మీద ఉండెను. దానిని విస్మరించాము. బి.ఎ. తరువాత ఏయే దారులు ఉన్నాయో ఆనాడు మాకే తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి బదులుగా, పనికిరాదని తీర్పు చెప్పాము.

ఈసారి ఆ తప్పు చేయకూడదని నిశ్చయించుకున్నాము. నాలుగైదు రోజులు గడువు అడిగి, తెలిసిన అధ్యాపకులను, న్యాయవాదులను, ఉద్యోగులను సంప్రదించాము. తెలుసుకున్న విషయాలను ఈ నెల మన శీర్షికలో పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇదే ప్రశ్నతో సతమతమయ్యే కుటుంబాలు మన జమాఅత్‌లో ఇంకా ఎన్నో ఉన్నాయని మాకు తెలుసు.

ఉక్కు నగరంలో మాటకున్న విలువ

దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక ప్రాంతాల్లో చదువును కొలిచే కొలబద్ద ఒక్కటే: ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగ్. ఒకవైపు ఉక్కు కర్మాగారం, మరొకవైపు ప్రత్యేక ఆర్థిక మండలి, ఆ పైన పరవాడ మందుల కంపెనీలు. కాబట్టి యంత్రంతో సంబంధం లేని చదువు ఇక్కడ చదువుగా కనిపించదు. ఈ అభిప్రాయానికి కారణం ఉంది. అయితే అది సగం సత్యమే.

ఈ కర్మాగారం ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాము. 1966లో “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అన్న నినాదంతో ఉద్యమం లేచింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992లో ప్రధానమంత్రి పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మొదటి కొలిమి వెలగడానికి ఎన్నో ఏళ్ల ముందే వ్యాసాలు, ఉపన్యాసాలు, మహజర్లు, చట్టసభల్లో వాదనలు జరిగాయి. భూములు కోల్పోయిన గ్రామాలవారి పరిహారం, ఉద్యోగాల హక్కు, కార్మిక సంఘాల ఒప్పందాలు, 2021లో పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వెలువడిన నాటి నుండి సాగుతున్న పోరాటం — వీటన్నింటిలోనూ చట్టం తెలిసినవారు, చరిత్ర తెలిసినవారు, అర్థశాస్త్రం తెలిసినవారు, కలం పట్టగలవారు కావలసి వచ్చారు. ఇంజనీరు లేనిదే కొలిమి నడవదు. కొలిమి చుట్టూ బ్రతికే మనుషుల వ్యవహారం నడవాలంటే మానవ శాస్త్రాలు చదివినవారు కూడా కావాలి.

మరొక సంగతి. మదరసాలో మేము ఎనిమిదేళ్లు చదివినదంతా ఏమిటి? వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రం, ధర్మశాస్త్రం, చరిత్ర. నేటి భాషలో చెప్పాలంటే అదంతా ఆర్ట్స్ చదువే. “ఇది చదివి ఏం చేస్తావు?” అన్న ప్రశ్నను జీవితమంతా విన్నవారము మేము. అదే ప్రశ్నను మరొక బిడ్డ మీద విసరడం మాకు తగదు. 14వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ చరిత్రను, సమాజాన్ని, ధరలను, పన్నులను కలిపి పరిశీలించి “ముఖద్దిమా” రచించారు; ఆయనే కైరోలో ఖాజీగానూ పనిచేశారు. మన దేశపు మొదటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంప్రదాయ ధార్మిక విద్య అభ్యసించినవారు. ఆయన హయాంలోనే 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐ.ఐ.టి. ఆరంభమైంది. సాంకేతిక విద్యకు మానవ విద్యకు వైరం లేదనడానికి ఆయన జీవితమే చాలు.

పట్టా ఒక్కటే చాలదు

అయితే చుట్టాల నవ్వులో కొంత నిజం ఉన్నదని కూడా ఒప్పుకోవాలి. బి.ఎ. పూర్తి చేసి నాలుగైదేళ్లుగా ఖాళీగా ఉన్న యువకులు మన వీధుల్లోనే ఉన్నారు. దానికి కారణం ఏమిటి? ఇంజనీరింగ్ లేక నర్సింగ్ పట్టా ఒక వృత్తి పేరును తనతోనే తెస్తుంది. బి.ఎ. పట్టా అలా తేదు. అది చదవడం, రాయడం, విని అర్థం చేసుకోవడం, సాక్ష్యాన్ని తూచడం నేర్పుతుంది. ఆ తరువాత ఏ వృత్తి శిక్షణలో చేరాలన్నది విద్యార్థి నిర్ణయానికి వదిలేస్తుంది. ఆ నిర్ణయం తీసుకోనివారికి పట్టా గోడకు వేలాడే కాగితంగానే మిగులుతుంది. కాబట్టి మూడవ సంవత్సరం ముగిసే లోపే “బి.ఎ.తో పాటు ఏమిటి?” అన్న ప్రశ్నకు ఇంటిల్లిపాదీ కూర్చుని సమాధానం వెదకాలి. ప్రధానమైన దారులను వరుసగా వివరిస్తాము.

ఉపాధ్యాయ వృత్తి

మన కుటుంబాలు మొదట తలచేది ఇదే. ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బి.ఇడి. చేయాలి. ఆ తరువాత 150 మార్కుల టెట్‌లో అర్హత సాధించాలి. ఈ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. అటుపై డీఎస్సీ. ఇక్కడ తల్లిదండ్రులు తప్పక గమనించవలసిన అంశాలు మూడు ఉన్నాయి.

మొదటిది: డిగ్రీలో చదివిన సబ్జెక్టులు, బి.ఇడి.లో తీసుకునే బోధనా పద్ధతి, స్కూల్ అసిస్టెంట్ పోస్టు — ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటివి చదివినవారు సాంఘికశాస్త్రానికి వెళ్తారు. 2023–24 నుండి మన రాష్ట్రంలో డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు విధానం వచ్చినందున, కళాశాలలో చేరేటప్పుడే ఈ విషయం విచారించుకోవాలి. చేరిన తరువాత విచారిస్తే ప్రయోజనం ఉండదు.

రెండవది: బి.ఇడి. చేస్తే ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు కావచ్చునని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది. చిన్నపిల్లలకు బోధించదలచినవారు డి.ఇడి. కోర్సు చేయాలి.

మూడవది: ప్రభుత్వ నియామకాలు ఏటా రావు. మన రాష్ట్రంలో 2018 నాటి డీఎస్సీ తరువాత పెద్ద ఎత్తున నియామకాలు మళ్లీ 2025లోనే, 16,347 పోస్టులతో జరిగాయి. ఆ మధ్య కాలమంతా పుస్తకం ముందేసుకుని ఇంట్లో కూర్చున్నవారు ఒకరు. ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తూ, పాఠం చెప్పడం నేర్చుకుంటూ, రాత్రివేళ చదువుకున్నవారు మరొకరు. రెండవవారి మార్గం మేలైనదని మా అభిప్రాయం.

న్యాయశాస్త్రం

ఏ డిగ్రీ చేసినవారైనా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్.బి.లో చేరవచ్చు. డిగ్రీలో సాధారణ వర్గాలకు 45 శాతం, వెనుకబడిన తరగతులకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ న్యాయ కళాశాల ఉంది. మనకు చేరువలోని సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ తరువాత అయిదేళ్ల కోర్సులో చేరదలచినవారు క్లాట్ పరీక్ష ద్వారా అక్కడికి వెళ్తారు. పట్టా అందుకున్న తరువాత రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకొని, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. వేలాది రూపాయలుండే నమోదు రుసుమును సుప్రీంకోర్టు 2024 జులైలో చట్టంలో ఉన్న 750 రూపాయలకు పరిమితం చేసింది. పేద కుటుంబాలకు ఇది చిన్న ఊరట కాదు.

న్యాయాధికారి కాదలచినవారు మరొక విషయం తెలుసుకోవాలి. 2025 మే నెలలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల న్యాయవాద అనుభవం అవసరం. కనుక ఈ మార్గంలో చదువు మూడేళ్లు, అనుభవం మూడేళ్లు, వెరసి ఆరేళ్ల ఓర్పు కావాలి. తొలి సంవత్సరాల్లో సీనియరు వద్ద వచ్చే రాబడి బస్సు చార్జీలకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ఈ నిజం ముందే తెలిసి ఉంటే మధ్యలో నిరాశ కలగదు.

ఆడపిల్లలకు ఈ వృత్తి తగదని కొందరు అంటారు. కేరళలోని పత్తనంతిట్టలో జన్మించిన ఎం.ఫాతిమా బీవీ తండ్రి ప్రోత్సాహంతో న్యాయశాస్త్రం చదివి, 1950లో న్యాయవాదిగా నమోదై, 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆమె కంటే ఎంతో ముందు, హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) వద్దకు గొప్ప సహాబీలు సైతం ధర్మసందేహాలతో వచ్చేవారని మనం పిల్లలకు బోధిస్తూనే ఉన్నాము. మన మస్జిద్ గుమ్మం వద్దకు వచ్చే భరణం, వారసత్వం, వక్ఫ్, వితంతు పింఛను కాగితాలను చూస్తే, చట్టం తెలిసిన స్త్రీలు మన సమాజానికి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. న్యాయసేవల చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీ ఉచిత న్యాయసహాయానికి అర్హురాలు. ఈ ఒక్క సంగతి మన మహల్లాలో ఎందరికి తెలుసు?

పోటీ పరీక్షలు

సివిల్ సర్వీసులు, ఏపీపీఎస్సీ గ్రూప్-1, గ్రూప్-2, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఎస్.ఎస్.సి. నిర్వహించే గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్ష, రైల్వే నియామకాలు — వీటిలో అధిక భాగం ఉద్యోగాలకు ఏదైనా డిగ్రీ చాలు. విశాఖపట్నంలోకి వెళ్లకుండా సాగిపోయే దూరప్రాంతపు రైళ్లు మన దువ్వాడ స్టేషన్‌లోనే ఆగుతాయి. అక్కడి స్టేషన్ మాస్టరు కుర్చీకి కావలసిన కనీస విద్యార్హత కూడా ఏదైనా డిగ్రీయే. అయితే ఆ కొలువుకు కంటిచూపు విషయంలో కఠినమైన వైద్య ప్రమాణం ఉంది. దరఖాస్తుకు ముందే కళ్లు పరీక్ష చేయించుకోవడం మంచిది.

సివిల్స్ ప్రధాన పరీక్షలో ర్యాంకుకు లెక్కించే మార్కులు 1750, మౌఖిక పరీక్షకు 275. ఐచ్ఛిక విషయాలలో చరిత్ర, సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రంతో పాటు తెలుగు సాహిత్యం, ఉర్దూ సాహిత్యం కూడా ఉన్నాయి. ఇంటి భాష బలంగా ఉన్న విద్యార్థికి ఇది ఒక ఆసరా. సాధారణ వర్గానికి 32 ఏళ్ల వరకు ఆరు ప్రయత్నాలు, ఓబీసీలకు 35 ఏళ్ల వరకు తొమ్మిది ప్రయత్నాలు ఉంటాయి. రాష్ట్రంలో బి.సి.-ఇ వర్గాలకు 2007 నాటి చట్టం ద్వారా వచ్చిన 4 శాతం రిజర్వేషన్ సుప్రీంకోర్టు తుది తీర్పునకు లోబడి అమలవుతున్నది. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. తమ బిరాదరీ పేరు రెండింటిలోనూ ఉన్నదో లేదో చూసుకోకుండా దరఖాస్తు చేయరాదు.

ఒక హెచ్చరిక కూడా చేయదలచాము. లక్షల మంది రాసే పరీక్షలో వందల మంది మాత్రమే నెగ్గుతారు. కాబట్టి ప్రయత్నాలకు ఇంట్లో ముందుగానే ఒక హద్దు నిర్ణయించుకోవాలి — రెండేళ్లో, మూడేళ్లో. ఆ హద్దు దాటిన తరువాత చేయవలసిన పని కూడా ముందే అనుకొని ఉంచుకోవాలి. బ్యాంకు ఉద్యోగాల గురించి వడ్డీ దృష్ట్యా ధార్మిక సంకోచం గలవారు తమకు నమ్మకమైన ఆలిమ్‌ను సంప్రదించవలసిందిగా కోరుతున్నాము. ఆ చర్చ ఈ శీర్షిక పరిధిలోకి రాదు.

భాషలు, అనువాదం

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తన లేఖకుడైన జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల భాష నేర్చుకోమని ఆదేశించగా, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకొని ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. పరాయి భాష నేర్వడం మనకు సున్నత్‌తో ముడిపడిన విద్య. మన తెలుగు నేలపైన చిలుకూరి నారాయణరావు పంతులు గారు ఖురాన్‌ను తెలుగులోకి అనువదించారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగు కవిగా కీర్తి గడించి కేంద్ర శాసనసభ సభ్యులయ్యారు. భాష ఇరువైపులా వంతెన వేస్తుంది.

మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు, బడిలో ఆంగ్లం నేర్చుకుంటూ పెరుగుతున్నారు. దీనిని మనం సంపదగా లెక్కించడం లేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లోనూ, ప్రభుత్వరంగ సంస్థల్లోనూ అధికార భాషా విభాగాలు ఉంటాయి. హిందీ లేదా ఆంగ్లంలో ఎం.ఎ. చేసి, డిగ్రీలో ఆ రెండవ భాషను చదివి, అనువాదంలో డిప్లొమా గానీ అనుభవం గానీ ఉన్నవారికి ఎస్.ఎస్.సి. అనువాదకుల పరీక్ష నిర్వహిస్తుంది. ఉర్దూ మాట్లాడే బిడ్డకు హిందీ సగం వచ్చినట్లే. దేవనాగరి లిపిలో రాయడం సాధన చేయాలి, అంతే. అరబీ భాషను వృత్తిగా చేసుకోదలచినవారికి హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్ ఆసుపత్రుల్లో అరబ్బు రోగులకు దుబాసీలు కావాలి; గల్ఫ్‌తో వ్యవహరించే కంపెనీలకు ఉత్తరాలు రాసేవారు కావాలి. 1933 నుండి ఓడలు వచ్చిపోయే మన రేవులో సరకుల కాగితాలు చూసే కార్యాలయాలకు తప్పులు లేకుండా ఆంగ్లం రాయగలవారు కావాలి.

ఇవి గాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే సోషల్ వర్క్, మానవశాస్త్రం, గ్రంథాలయ శాస్త్రం, పత్రికా రచన వంటి కోర్సులు ఉన్నాయి. మన్యం గ్రామాల్లో ఆరోగ్యం, విద్య మీద పనిచేసే సంస్థలకు సోషల్ వర్క్ చదివినవారి అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఇంకా చదువుతున్నవారు చేయవలసినవి

మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు కొన్నేళ్లుగా ఇంటర్న్‌షిప్, సమాజసేవా ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. చాలామంది ఎవరి వద్దనో ఒక సర్టిఫికెట్ తెచ్చి ఆ నెలలను వృథా చేస్తున్నారు. ఇది తమను తామే మోసగించుకోవడం. ఒక న్యాయవాది కార్యాలయంలోనో, పత్రికలోనో, పాఠశాలలోనో, పంచాయతీలోనో నిజంగా కూర్చుంటే, ఆ పని తనకు సరిపడుతుందో లేదో ఖర్చు లేకుండానే తెలిసిపోతుంది. 2022 నుండి యు.జి.సి. ఏకకాలంలో రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. కళాశాలకు వెళ్తూనే దూరవిద్యలో మరొకటి చదువుకోవచ్చు. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలోనే ఉంది. కంప్యూటరులో తెలుగు, ఆంగ్లం టైపు చేయడం, లెక్కల పట్టిక తయారు చేయడం, ఒక పేజీ దరఖాస్తు తప్పులు లేకుండా రాయడం — ఈ మూడూ రాని బి.ఎ. విద్యార్థి ముందుగా వాటిని నేర్చుకోవాలి.

మోసాల పట్ల జాగ్రత్త అవసరం. హాజరు లేకుండానే బి.ఇడి. ఇప్పిస్తామని, ఇంట్లో కూర్చుంటే పట్టా పంపుతామని చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బి.ఇడి. కళాశాలకు ఎన్.సి.టి.ఇ. గుర్తింపు, దూరవిద్యకు యు.జి.సి. అనుమతి ఉన్నాయో లేవో చూసుకున్న తరువాతే డబ్బు కట్టాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. స్వయంగా ప్రకటిస్తుంది. అబద్ధపు పట్టాతో వచ్చే జీతం అనుమానం లేని సంపాదన కాజాలదు.

మదరసా విద్యార్థుల సంగతి

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం బడి వయస్సు ముస్లిం బాలలలో మదరసాలకు వెళ్లేవారు నూటికి నలుగురికి మించరు. సంఖ్య చిన్నదే అయినా వారు మా బిడ్డలు. వారి గురించి చెప్పకుండా ముగించలేము. హిఫ్జ్ లేక ఆలిమ్ కోర్సు చదువుతున్న విద్యార్థి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా గానీ, రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పది, ఇంటర్ పూర్తి చేయవచ్చు. 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం తన గుర్తింపు జాబితాలోని మదరసాల ధ్రువపత్రాలను కొన్ని కోర్సుల ప్రవేశానికి అంగీకరిస్తుంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఆలిమ్ పట్టాతో పాటు బి.ఎ. ఉన్న యువకుడు ఇమామ్‌గా నిలబడినా, ఉపాధ్యాయుడైనా, న్యాయవాది అయినా తన సమాజానికి రెండింతలు ఉపయోగపడతాడు. మా తోటి ముదర్రిస్‌లకు మా విన్నపం ఇదే: పిల్లల చేత పదవ తరగతి పరీక్ష రాయించండి. ఆ కాగితం లేక దారులు మూసుకుపోయినవారిని మేము చాలామందిని చూశాము.

మళ్లీ ఆ వసారాలో

అయిదవ రోజు తండ్రీ కూతుళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి మేము ముందుగా అమ్మాయినే అడిగాము: “నీకేం చేయాలని ఉంది బేటీ?”

ఆమె కాసేపు తల వంచుకొని, “మా వీధిలో పింఛను ఆగినవాళ్లకు, రేషన్ కార్డులో పేరు తప్పుపడినవాళ్లకు అర్జీలు నేనే రాసిపెడతాను హజ్రత్. ఒకసారి ఒక ఖాలా భరణం కాగితం తెచ్చారు. చదివాను కానీ, ఏం చేయాలో చెప్పలేకపోయాను. లా చదవాలని ఉంది” అంది.

తండ్రి వెంటనే తన భయాలన్నీ చెప్పారు. “రోజూ కూర్మన్నపాలెంలో బస్సెక్కి యూనివర్సిటీ దాకా వెళ్లి రావాలి. మూడేళ్ల ఖర్చు. లాయరు పిల్లను ఎవరు చేసుకుంటారు? వచ్చిన సంబంధం పోతే మళ్లీ వస్తుందా?”

ఆ భయాలను మేము తేలికగా కొట్టివేయలేదు. కాంట్రాక్టు పని మీద బ్రతికే ఇంటికి ప్రతి రూపాయి బరువే. అందుకే కాగితం మీద లెక్క వేసుకున్నాము: ఫీజు, బస్సు పాసు, పుస్తకాలు, దరఖాస్తు చేసుకోదగిన ఉపకార వేతనం, సాయంత్రం వేళ అమ్మాయి చెప్పే ట్యూషన్ల రాబడి. లెక్క చివర కొంత లోటు తేలింది. ఆ లోటును మస్జిద్ కమిటీ వారి ముందు పెడతామని మాట ఇచ్చాము. సంబంధం విషయంలో ఒక్కటే సూచించాము: “వారితో నిజం చెప్పండి. చదువు కొనసాగనిస్తారా అని నికాహ్‌కు ముందే అడగండి. కాదన్నారంటే వారు మీ అమ్మాయికి తగినవారు కారు. సరే అన్నారంటే ఆ మాటను పెద్దల సమక్షంలో తీసుకోండి.”

ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత మెల్లగా అన్నారు: “హజ్రత్, ఆ రోజు నన్ను కూడా ఇలా ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.”

మేము తల వంచుకున్నాము. క్షమించమని అడిగాము. ఆయన మా చేయి పట్టుకొని, “అప్పుడు అడిగినా నేను ఐ.టి.ఐ.లోనే చేరేవాడినేమో. అయినా అడిగితే బాగుండేది” అన్నారు.

అమ్మాయి లాసెట్‌కు దరఖాస్తు చేసింది. సీటు వస్తుందో రాదో అల్లాహ్‌కే ఎరుక. అబ్బాయి తరఫువారి నుండి ఇంకా జవాబు రాలేదు. ఈ సంగతులు ఎలా ముగిసినా, ఒక పని మాత్రం మన చేతిలోనే ఉన్నది. మీ ఇంట్లో ఇంటర్ పూర్తి చేసిన బిడ్డ గానీ, డిగ్రీ పూర్తి చేసిన బిడ్డ గానీ ఉన్నట్లయితే, ఈ రోజు ఇషా నమాజు తరువాత పక్కన కూర్చోబెట్టుకోండి. చుట్టాల మాట, పొరుగువారి మాట, మా వంటి మౌల్వీల మాట కూడా కాసేపు పక్కన పెట్టి, “నీకేం చేయాలని ఉంది?” అని అడగండి. సమాధానం వెంటనే రాకపోవచ్చు. వచ్చేదాకా ఓర్పుతో వినండి.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను, పరిశుద్ధమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.